పనిలో పెరిగిన మాటలు

పురాణాలలో ఆకాశవాణి పలికినదంటే ఎవరికో ఆపద రానున్నదని శ్రోత చెవి రిక్కించేవాడు. చెల్లెలిని అత్తవారింటికి రథం మీద తీసికొని పోతున్న కంసునికి, ఈమె అష్టమగర్భమే నీకు మృత్యువని హెచ్చరించినది ఆకాశవాణియే. పలికే నోరు కనబడదు, మాట మాత్రం వినబడుతుంది. 1935లో మైసూరులో మనస్తత్వశాస్త్ర ఆచార్యులైన ఎం. వి. గోపాలస్వామిగారు ఒక చిన్న రేడియో కేంద్రాన్ని నెలకొల్పి, దానికి ఆకాశవాణి అని పేరు పెట్టినారు. 1957 నుండి అఖిల భారత రేడియోకు అదే పేరైనది. నేడు ఆకాశవాణి అనగానే మనకు వార్తలు, పంటల ధరలు, సంగీతం, నాటకం జ్ఞప్తికి వస్తవి. కంసుడు జ్ఞప్తికి రాడు. ఐనను హరికథలో ఆ మాట వినబడినప్పుడు మనం రేడియో అనుకొని పొరపడము. ఒకే ఇంటిలో ఉన్న అన్నదమ్ములవలె రెండర్థాలు ఒకే మాటలో కాపురం చేస్తున్నవి.

ఇంగ్లీషువారి మాటకు కూడ ఇటువంటి కథయే కలదు. బ్రాడ్‌కాస్టు అంటే తొలుత రైతు విత్తనాలను పిడికిట పట్టి చేను నిండ వెదజల్లడం. గత శతాబ్దంలో మాటలను గాలిలో వెదజల్లే యంత్రం వచ్చినప్పుడు, క్రొత్త పేరు కొరకు వెదకక, వారు రైతు చేతిలోని మాటనే తీసికొన్నారు. రేడియో ప్రసారం వచ్చినది కదా అని చేనిలో ఆ మాట చెల్లకుండా పోలేదు. నేటికీ వ్యవసాయశాస్త్రంలో వెదజల్లే పద్ధతికి అదే పేరు.

పనిముట్లు, పరిశ్రమలు, యంత్రాలు మనుషుల మధ్యకు వచ్చినప్పుడు మాటలకు ఏమి జరుగుతుందో ఈ రెండు ఉదాహరణలే చెప్పుతున్నవి. క్రొత్త వస్తువు వచ్చినప్పుడు పండితుడు క్రొత్త మాట కల్పించబోతాడు. పనివానికి అంత తీరిక లేదు. చేతికి అందిన పాత మాటను దానికి తగిలించి పని సాగిస్తాడు. పాత అర్థం చెరిగిపోదు. దాని ప్రక్కన క్రొత్తది వచ్చి కూర్చుంటుంది. ఇది ఎట్లు జరుగుతుందో, దీనివలన లాభమెక్కడ, చిక్కెక్కడ అన్న సంగతిని పుస్తకాలలో కాక, మన దేశంలోనే ఒక దారి వెంట నడచి చూద్దాము. ఆ దారి జనగామ నుండి మానుకోట అనే మహబూబాబాదు మీదుగా భూపాలపల్లికి పోతుంది. పూర్వం వరంగల్లు జిల్లాలో భాగాలైన ఈ మూడును 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలైనవి. ఒకచోట చేతిపని, ఒకచోట రైలు, ఒకచోట బొగ్గుగని మనకు పాఠం చెప్పుతవి.

జనగామకు చేరువనే పెంబర్తి గ్రామమున్నది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కడంలో ప్రసిద్ధులు. కాకతీయుల కాలం నుండి వచ్చిన విద్యగా దీనిని చెప్పుతారు. రేకును కాల్చి మెత్తబరచి, లక్క పరచిన పీట మీద అతికించి, చిన్న చిన్న ఉలులతో, సుత్తితో కొట్టుతూ బొమ్మను ఉబ్బెత్తుగా తేల్చుతారు. పిదప లక్కను వేడిచేసి రేకును ఊడదీసి మెరుగు పెట్టుతారు. దేవాలయాల తలుపులకు, ధ్వజస్తంభాలకు తొడిగే తొడుగులు ఈ విధంగా తయారైనవే. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

ఇక్కడ మనకు కావలసినది రేకు అన్న మాట. పువ్వుకు రేకులుంటవి. ఆ రేకు పలుచన, మెత్తన. లోహాన్ని సాగగొట్టి పలుచన చేసిన కమ్మరికి, కంచరికి అది పూరేకువలె తోచినది. పలుచనిదనం ఒక్కటే పోలిక. మెత్తదనం, సువాసన వదలివేయబడినవి. రాగిరేకుల మీద వ్రాయించిన తాళ్ళపాక కవుల సంకీర్తనలు తిరుమలలో శతాబ్దాల పాటు నిలిచినవి. అక్కడ రేకు అంటే పుస్తకపు పుట. తరువాత ఇంటి కప్పుకు ఇనుపరేకులు వచ్చినవి. పూరింటివాడు రేకుల ఇంటివాడైనాడు. ఇంకను తరువాత సిమెంటుతో చేసినవి వచ్చినవి. వాటిలో లోహమనేదే లేదు. ఐనను అవి సిమెంటు రేకులే. గోదావరి తీరాన ఆత్రేయపురంలో బియ్యపు పిండితో పల్చగా తీసి పంచదార, నెయ్యి పూసి మడిచేవి పూతరేకులు. పువ్వు నుండి ఇత్తడికి, ఇత్తడి నుండి సిమెంటుకు, మిఠాయికి ఒకే మాట నడచిపోయినది. ప్రతి మెట్టులోను ఒక్క గుణాన్ని పట్టుకొని తక్కినవి వదలినది. మాటకు అర్థాలు పెరిగే తీరు ఇదే. వస్తువు యావత్తును చూచి కాదు, దానిలో తన పనికి కావలసిన ఒక్క లక్షణాన్ని చూచి పనివాడు పేరు పెట్టుతాడు.

ఇదే జనగామ ప్రాంతంలో కొడకండ్ల నేతగాండ్ర ఊరు. మగ్గం మీద పడుగు దారాలను ఎడమెడంగా నిలిపి, పేకను లోనికి కొట్టే పండ్ల సాధనాన్ని అచ్చు అంటారు. పన్నె అని కూడ అంటారు. అచ్చు అంటే మూస కూడ. బెల్లం అచ్చు, బొమ్మల అచ్చు తెలిసినవే. ముద్రణాలయం వచ్చిన తరువాత సీసపు అక్షరాలు అచ్చులైనవి, పుస్తకం అచ్చుపడినది, తప్పు వస్తే అచ్చుతప్పు అయినది. తండ్రిని అచ్చు గుద్దినట్లున్న కుమారుని అందరము చూచినదే. వీటన్నిటిలో ఒకే పోలికను తరచి తరచి నడపడం కనబడుతున్నది. కాని బడిలో పంతులుగారు అచ్చులు, హల్లులు అని చెప్పించిన అచ్చు వీటికి చుట్టం కాదు. అది పాణిని వ్యాకరణంలో స్వరాలన్నిటికీ కలిపి పెట్టిన అచ్ అనే సంకేతం నుండి వచ్చినది. కనుక ఒక మాటకు అనేకార్థాలున్నవని మనకు తోచినచోట రెండు విధాలుండవచ్చును. ఒకటి, ఒకే మాట కొమ్మలు వేసి పెరగడం. రెండు, వేర్వేరు మాటలు దారిలో కలిసి ఒకే రూపం దాల్చడం. తెలియనివారు ఈ రెండింటిని ఒకటే అనుకొని, లేని చుట్టరికాలు కల్పిస్తారు. హిందీలో సాంచా అంటే మూస. సిరిసిల్లలో సాంచా అంటే విద్యుత్తుతో నడిచే మరమగ్గం. ఇక్కడ మూస అన్న అర్థం తెలియని కార్మికుడు కూడ సాంచా మీద తన కుటుంబాన్ని పోషించుకొంటాడు.

మగ్గం మీద పేక దారాన్ని ఇటు నుండి అటు, అటు నుండి ఇటు మోసే నాడెను ఇంగ్లీషులో షటిల్ అంటారు. పోయి వచ్చే గుణం చూచి, రెండు స్టేషన్ల నడుమ తిరిగే బండికి ఆ పేరు పెట్టినారు. వలకు అటు ఇటు ఎగిరే ఈకల బంతికీ అదే పేరు పెట్టినారు. ఈ రెండు షటిళ్ళు తెలుగునకు నేరుగా వచ్చినవి. నాడె మాత్రం నాడెగానే ఉండిపోయినది. నేతగాని కుమారుడు సాయంకాలం షటిల్ ఆడుతూ, తన తండ్రి చేతిలోనిదీ అదేనని తెలియకుండ ఉండవచ్చును. మాట వేరొక భాషలోనికి వలసవచ్చినప్పుడు తన చుట్టాలనందరిని వెంట తీసికొని రాదు.

ఇక రైలు దారికి వద్దాము. సికింద్రాబాదు నుండి వరంగల్లుకు 1886లో నిజాము హామీ రైలు మార్గం వచ్చినది. జనగామ ఆ మార్గం మీదనే ఉన్నది. 1888లో అది డోర్నకల్లు మీదుగా ఇల్లెందు బొగ్గుగనులకు చేరినది. 1889లో బెజవాడకు కలిసినది. నేడు డోర్నకల్లు మహబూబాబాదు జిల్లాలోని ఊరు. బొగ్గు కొరకే ఆ శాఖ అక్కడ చీలినది. అందుచేతనే ఆ ఊరు జంక్షనైనది.

రైలు అంటే ఇంగ్లీషులో ఇనుప కమ్మి. కమ్మి మీద నడిచే దారి కనుక వారు రైలుదారి అన్నారు. మన ఊళ్ళకు ఆ మాట వచ్చేసరికి, పొగ విడుస్తూ వచ్చి కళ్ళ యెదుట నిలిచినది బండి కాని, నేల మీద పడియున్న కమ్మి కాదు. కనుక మనవారు బండికే రైలు అని పేరు పెట్టినారు. ధూమశకటం అని పండితులు కల్పించిన మాట పుస్తకాలలో ఉండిపోయినది. అప్పుడు కమ్మికి పేరు లేకపోయినది. దానికి పట్టా అన్న పాత మాటను తెచ్చి రైలుపట్టా అన్నారు. ఒక మాట తన ఇల్లు విడిచి పై ఇంటికి పోతే, ఖాళీ అయిన ఇంటిలోనికి మరొక మాట వచ్చి చేరినది.

ఈ పట్టా సామాన్యమైన మాట కాదు. సంస్కృతంలో పట్టమంటే పలక, పట్టీ, తలకు కట్టే వస్త్రపు కట్టు. రాజుకు తల మీద కట్టితే అది పట్టం కట్టడం. ఆమీద పట్టాభిషేకం, పట్టపురాణి, పట్టపుటేనుగు. పలక మీద వ్రాసి యిచ్చిన హక్కు కనుక భూమి పట్టా. విశ్వవిద్యాలయం చదువు ముగిసినదని వ్రాసి యిచ్చేది కూడ పట్టాయే. అది పొందినవాడు పట్టభద్రుడు. బండిచక్రం చుట్టు బిగించే ఇనుప పట్టా, దారి మీద పరచిన రైలుపట్టా ఈ వంశంలోనివే. ఇటీవల పత్రికలవారు మూలబడిన పథకాన్ని మరల పట్టాలెక్కించినారని వ్రాస్తున్నారు. ఆ వాక్యంలో రాజు లేడు, రైతు లేడు, రైలు కూడ లేదు. ఐనను అర్థం కాని పాఠకుడు లేడు.

ఇంతవరకు అంతయు ముచ్చటగానే ఉన్నది. కాని మానుకోట ప్రాంతంలో పట్టా అన్న మాట ముచ్చటతో ముగియదు. అక్కడ లంబాడీలు, కోయలు అడవి అంచున పోడు చేసికొని బ్రతుకుతున్న ఊళ్ళు అనేకం. 2006లో అటవీ హక్కుల గుర్తింపు చట్టం వచ్చినది. అర్హులని తేలినవారికి దాని క్రింద హక్కు పత్రం లభిస్తుంది. జనం దానిని పోడు పట్టా అంటారు. రెవెన్యూవారు మామూలు రైతుకిచ్చే కాగితమూ పట్టాయే. పేరొకటే, హక్కులు వేరు. అటవీ హక్కు పత్రం తండ్రి నుండి బిడ్డలకు వారసత్వంగా వస్తుంది. వివాహితులైతే భార్యాభర్తలిద్దరి పేర్లును దాని మీద ఉండవలెను. కాని ఆ భూమిని అమ్మరాదు, మరొకరికి మార్పిడి చేయరాదు. కూతురు పెండ్లికో, వైద్యానికో డబ్బు అవసరమైన రైతు, నా దగ్గర పట్టా ఉన్నది కదా అని భూమిని అమ్మజూపితే, కొన్నవానికి హక్కు రాదు, అమ్మినవాని చిక్కు తీరదు. ఎవరును అబద్ధమాడలేదు. ఇద్దరును ఒకే మాటను రెండర్థాలలో విన్నారు. పూరేకును ఇత్తడిరేకును కలిపితే నష్టమేమియు లేదు. రెండు పట్టాలను ఒకటిగా చూస్తే ఒక కుటుంబానికి తిండిగింజలు పోతవి.

జంక్షను మాటను కూడ ఇక్కడనే చూచి ముందుకు పోదాము. డోర్నకల్లులో జంక్షను అంటే రైలుదారులు కలిసేచోటు. విశాఖపట్టణంలో నాలుగు వీధులు కలిస్తే జంక్షను. అక్కడి జగదాంబ జంక్షను ఎరుగనివారు తక్కువ. తెలంగాణలో అటువంటి చోటును చౌరస్తా అంటారు కనుక ఆ అర్థం ఇటు అంతగా పాకలేదు. కాని భూమి లోపల, బొగ్గుగనిలో, రెండు సొరంగాలు ఒకదానినొకటి దాటేచోటును జంక్షను అంటారు. అక్కడ పైకప్పు నాలుగు వైపుల ఆధారం లేకుండ వెడల్పుగా ఉంటుంది కనుక ప్రమాదం హెచ్చు, ఊతకర్రల మీద శ్రద్ధ హెచ్చు. రైలు ప్రయాణీకునకు జంక్షను అంటే దిగి టీ త్రాగే తావు. గనికార్మికునకు తల యెత్తి చూడవలసిన తావు.

ఈ మాటతో మనం భూపాలపల్లికి వచ్చినాము. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు పొందినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. సింగరేణి నేటి ఖమ్మం జిల్లాలోని ఒక గ్రామం. దాని పేరు కంపెనీకి వచ్చి, గోదావరి లోయ వెంట గనులున్న ప్రతి చోటికి పోయినది. నేడు సింగరేణి అంటే ఊరు కాదు, ఒక జీవనం. అటు తరువాత కాకతీయుల పేరిట భూపాలపల్లిలో కాకతీయ ఖని వెలసినది. కేటీకే అన్న మూడక్షరాల గనులు అవే. ఖని సంస్కృతం, గని తెలుగు. కార్మికుడు మాత్రం ఈ రెండింటిని పేర్ల పలకలకు విడిచి, తన నోట బాయి అనే అంటాడు.

బాయి అంటే బావి. భూమిలోనికి నిలువుగా త్రవ్విన గుంట, పైన గిలక, దానికి త్రాడు. తొలినాడు గనిని చూచిన పల్లెవానికి అది నీళ్ళబావిగా తోచడంలో వింత లేదు. పిదప నిలువుగా కాక ఏటవాలుగా నడిచిపోయే గనులు వచ్చినవి. వాటికి గుండ్రని నోరు లేదు, గిలక లేదు. ఐనను అవి బొగ్గుబాయిలే. ఆకారం పోయినా పేరు నిలిచినది. ఏటవాలు గనికి ఇంగ్లీషులో ఇంక్లైను అని పేరు. వాలు అన్న అర్థం క్రమంగా జారిపోయి, ఇంక్లైను అంటే గని అని స్థిరపడినది. అంతటితో ఆగక, గోదావరిఖనిలో ఎనిమిదవ ఇంక్లైను వారికొరకు వెలసిన వాడకు ఎనిమిది ఇంక్లైను కాలనీ అన్న పేరు వచ్చినది. వాలు గనియైనది, గని ఊరైనది. సమతలమైన వీధిలో నిలిచి, మా ఇల్లు ఇంక్లైనులో ఉన్నదని చెప్పేవారిని చూచి ఎవరును ఆశ్చర్యపడరు.

గనిలో మనుషుల పేర్లు కూడ ఇట్లే మారినవి. సర్దారు అనేది పారసీక పదం, నాయకుడని అర్థం. జనగామవారికి ఆ మాట వినగానే ఖిలాషాపురం కోట, సర్దారు సర్వాయి పాపన్న తలపునకు వస్తారు. భూపాలపల్లి గనిలో సర్దారు కత్తి పట్టినవాడు కాదు. పరీక్ష నెగ్గి యోగ్యతాపత్రం పొందిన ఉద్యోగి. పని ఆరంభం కాకముందు తన భాగం యావత్తు తిరిగి, కప్పు గట్టిగా ఉన్నదా, విషవాయువు ఉన్నదా అని చూడవలసినవాడు. కర్రతో కప్పును తట్టి, చప్పుడు గట్టిగా ఉన్నదో, బోలుగా ఉన్నదో చెవితో తెలిసికొంటాడు. అతని అధీనంలో ఉండే పనిభాగాన్ని గని పరిభాషలో డిస్ట్రిక్టు అంటారు. భూమి మీద డిస్ట్రిక్టు అంటే జిల్లా, దానికి కలెక్టరు. భూమి క్రింద డిస్ట్రిక్టు అంటే కొన్ని సొరంగాలు, వాటికి సర్దారు. పిల్లరు మాట కూడ ఇటువంటిదే. పట్నంలో పిల్లరును కట్టుతారు. గనిలో పిల్లరును కట్టరు. చుట్టు బొగ్గు త్రవ్వి, నడుమ కప్పుకు ఆధారంగా వదలిపెట్టిన బొగ్గుదిమ్మెయే పిల్లరు.

ఇక మస్టరు. ఇది సైన్యపు మాట. సిపాయిలను వరుస నిలిపి లెక్క చూడడం మస్టరు. ఆ పేర్ల పట్టిక మస్టరు రోలు. సైన్యం నుండి కార్ఖానాకు, కార్ఖానా నుండి గనికి వచ్చేసరికి అది పేర్ల పట్టిక కాక, ఒక రోజు హాజరు అయినది. నాకు ఈ నెల ఇరువది మస్టర్లు పడినవి అని కార్మికుడు చెప్పుతాడు. ఈ లెక్క చిన్నది కాదు. 1952 నాటి గనుల చట్టంలో జీతంతో కూడిన సెలవు కొరకు ఒక లెక్క ఉండేది: భూమి లోపల పనిచేసేవానికి ఏడాదిలో 190 హాజర్లు, పైన పనిచేసేవానికి 240 హాజర్లు నిండితే ఆ సంవత్సరం సర్వీసు పూర్తియైనట్లు. మస్టరు ఒకటి తగ్గినదంటే ఒక రోజు కూలి పోవడమే కాదు, ఒక సంవత్సరం లెక్క తప్పవచ్చును. 2005లో గ్రామీణ ఉపాధి హామీ చట్టం వచ్చిన తరువాత, చెరువు పూడిక తీసే పల్లె కూలీల నోట కూడ మస్టరు అన్న మాట నలిగినది. సైన్యపు కవాతు నుండి చెరువు గట్టు వరకు ఆ మాట నడచిన దూరం ఇంత.

అన్నిటికంటె చిక్కు పెట్టిన మాట బదిలీ. మనకు బదిలీ అంటే ఒక ఊరి నుండి మరొక ఊరికి ఉద్యోగిని పంపడం. దాని మూలమైన అరబ్బీ మాటకు ఒకదానికి మారుగా మరొకటి అన్న అర్థం కలదు. ఆ పాత అర్థం బొంబాయి బట్టల మిల్లులలో బ్రతికియుండినది. అక్కడ ఎవడైన పనికి రానినాడు అతనికి మారుగా తీసికొన్న కూలివాడు బదిలీ. గనులలోను అదే అర్థం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఈ మాటను అట్లే స్వీకరించి నిర్వచించినది: మస్టరు రోలులో పేరున్న మరొక కార్మికునికి మారుగా పనిచేసేవాడు బదిలీ కార్మికుడు, ఒక సంవత్సరం ఎడతెగని సర్వీసు పూర్తిచేసినచో అతడిక బదిలీగా లెక్కింపబడడు. ఊరిలో ఇటువంటి సంభాషణ జరిగితే ఎవరు తప్పు పట్టగలరు?

"ఏం అల్లుడా, నీ కొడుకు బాయిల ఏం పని జేస్తుండు?"

"బదిలీ వర్కరు గద మామా."

"అయ్యో, అప్పుడే బదిలీ జేసిన్రా? యాడికి?"

మామకు తెలిసిన బదిలీ వేరు, అల్లుడు చెప్పినది వేరు. మామకు బదిలీ అంటే ఉద్యోగం ఉండి స్థలం మారడం. అల్లునికి బదిలీ అంటే స్థలం ఉండి ఉద్యోగం స్థిరపడకపోవడం. ఈ రెండింటి నడుమ ఒక కుటుంబపు ధైర్యం ఉన్నది. మరొకరు రానినాడే తనకు పని. పిలుపు వచ్చిన ప్రతి దినం ఒక మస్టరు. అవి నిండితే బదిలీ అన్న మాట తన పేరు ముందు నుండి తొలగవచ్చును. అందుచేత గని వాకిట నిలిచిన బదిలీ కార్మికునికి ఈ రెండు మాటల నిర్వచనం నిఘంటువు పని కాదు, తన ఇంటి పని.

ఇంత చెప్పిన తరువాత, మాటకు ఒకే అర్థం ఉండునట్లు నియమం పెట్టరాదా అని ఎవరైన అడుగవచ్చును. శాస్త్రజ్ఞులు అట్లే ప్రయత్నించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినప్పుడు, ఉర్దూలో ఆధునిక శాస్త్రాలు బోధించుటకు ఒక అనువాద సంస్థ పరిభాషను కూర్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ మన భాషలో అదే పని చేపట్టినది. ఆ ప్రయత్నాలు అవసరమైనవి. ఐనను భౌతికశాస్త్ర పుస్తకంలో పని అంటే బలం వలన వస్తువు కదలడమని చదువుకొన్న విద్యార్థి, బియ్యపు మూటను నెత్తిన పెట్టుకొని గంటసేపు కదలకుండ నిలిచిన హమాలీ పనిచేయలేదని పరీక్షలో వ్రాయవలసియుంటుంది. ఇంటికి పోయి ఆ మాట తండ్రితో అనలేడు. శాస్త్రం తన సరిహద్దులో ఒక అర్థాన్ని కట్టివేయగలదు. సరిహద్దు దాటిన తరువాత మాట తన స్వేచ్ఛను తాను తీసికొంటుంది.

రెండవ మార్గం, జనం నోట ఉన్నదానిని ఉన్నట్లు వ్రాసి పెట్టడం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన మాండలిక వృత్తి పదకోశాన్ని ఆరంభించి, 1962లో వ్యవసాయ పదాల సంపుటిని, 1971లో చేనేత పదాల సంపుటిని వెలువరించినది. ఊరూర తిరిగి, రైతును, నేతగానిని అడిగి, ఏ మాట ఎక్కడ ఏ అర్థంలో చెల్లునో గుర్తించిన పని అది. బొగ్గుబాయి మాటలకు, రైలు మాటలకు, పెంబర్తి ఉలి మాటలకు కూడ అంత శ్రద్ధ తగును. తట్ట, చెమ్మసులతో బొగ్గు నింపిన తరం వృద్ధమైపోతున్నది. యంత్రం వచ్చినచోట పనిముట్టుతో పాటు దాని పేరు కూడ మూలబడుతుంది. ఇంటిలో అటువంటి పెద్దవారున్నప్పుడు, వారి నోటి మాటను, దాని అర్థాన్ని, ఏ పనిలో వాడినారో కూడ కలిపి ఒక పుస్తకంలో వ్రాసికొనడం పిల్లలు చేయగలిగిన పనియే.

మాటకు పది అర్థాలుండడం భాషకు లోపం కాదు. కలిమి తక్కువైనవాడు ఒక్క దుప్పటినే పరచుకొని, కప్పుకొని, మూట కట్టుకొన్నట్లు, పనివాడు ఒక్క మాటతో పది పనులు నెరవేర్చుకొంటాడు. తోటివారి నడుమ దానివలన పొరపాటు రాదు. పనిచేసే తావే అర్థాన్ని చెప్పుతుంది. గనిలో పిల్లరు అంటే ఏదో గనిలోనివారికి తెలుసును. ఆ మాట తన తావు విడిచి కాగితం మీదికి, కచేరీకి, న్యాయస్థానానికి పోయినప్పుడే చిక్కు. అక్కడ వ్రాసేవాడు ఒకడు, వ్రేలిముద్ర వేసేవాడు మరొకడు. కనుక భూమి, కూలి, ప్రాణం ఆధారపడినచోట మాట ఒకటి వ్రాసి ఊరుకొనరాదు. పట్టా అన్నప్పుడు, అమ్ముకొనుటకు వీలున్న పట్టాయా, లేనిదా. బదిలీ అన్నప్పుడు, ఊరు మారుటయా, మరొకరికి మారుగా పనిచేయుటయా. ఆ ఒక్క వాక్యాన్ని ప్రక్కన తేటతెలుగులో చేర్చవలెను. చదివి వినిపించేవాడు ఆ వాక్యాన్ని కూడ చదివి వినిపించవలెను. సంతకం చేసేముందు, ఈ మాటకు ఇక్కడ ఏమర్థమని అడిగే అలవాటు మనకు కావలెను. అట్లడుగుట అజ్ఞానం కాదు. గనిలో అడుగుపెట్టేముందు కప్పును తట్టి చూచే సర్దారు చేసేదీ ఆ పనియే.